నీటికి లెక్క కట్టిన మన జిల్లావాడు

మన కోలారు జిల్లాను గురించి వ్రాసేవారు సాధారణంగా బంగారంతో మొదలుపెడతారు. ఛాంపియన్ రీఫ్ గని మైళ్ల లోతుకు దిగినదని, 1902లోనే ఇక్కడికి కరెంటు వచ్చినదని, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవని వ్రాస్తారు. అదంతా మన సంచికలలో పలుమార్లు వచ్చినదే. ఈ ఉగాదికి మేము బంగారాన్ని పక్కనపెట్టి నీటిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము. గనుల ఊళ్లలో పుట్టి పెరిగినవారికి నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ట్యాంకరు వచ్చే వేళకు బిందెలు వరుసలో పెట్టి ఎదురుచూచిన చేతులే మనవి.

విచిత్రమేమంటే, మన జిల్లా నదులు పుట్టే చోటు. నందిదుర్గం చుట్టుపక్కల కొండల నుంచి ఉత్తర పినాకిని, అనగా మన పెన్నేరు, ఒకవైపు పోతున్నది. దక్షిణ పినాకిని మరొకవైపు పోతున్నది. చిత్రావతి, అర్కావతి, పాలారు కూడా ఆ ప్రాంతపు బిడ్డలే. పెన్నేరు, చిత్రావతి రాయలసీమకు పోయినవి. పాలారు బేతమంగళం మీదుగా తమిళదేశానికి దిగినది. వీటిలో ఒక్కటీ పుట్టినింట ఏడాది పొడవునా పారదు. సాలుకు 28, 30 అంగుళాల వాన కురిసే మెట్టభూమి ఇది. కురిసినది నాలుగు దినాలలో వంకలు పట్టి పోతుంది. అందుకనే మన పెద్దలు వంకవంకకూ కట్ట వేసి చెరువు చేసినారు. కోలారు సీమలో చెరువుల లెక్క వేలలో ఉంటుంది.

అటువంటి సీమలో, నందికొండ నీడన ముద్దేనహళ్లి అనే పల్లెలో, నీటికి లెక్క కట్టడమే వృత్తిగా చేసుకొన్న మనిషి పుట్టినాడు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. పుట్టిన దినం సెప్టెంబరు 15. ఏడాది 1860 అని కొందరు, 1861 అని కొందరు వ్రాస్తారు. ముద్దేనహళ్లి అప్పుడు కోలారు జిల్లాలోనిది. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయినందున ఇప్పుడు ఆ జిల్లాకు పోయినది. మనం మాత్రం ఆయనను వదులుకోలేదు. పూర్వులు గిద్దలూరుకు చేరువనున్న మోక్షగుండం నుంచి వచ్చినవారు, ఇంటి భాష తెలుగు. ఆయన జీవితమంతా మైసూరుకు, బొంబాయికి, హైదరాబాదుకు, దేశానికంతటికీ సేవ చేసినందువలన మావాడంటే మావాడని అందరూ అంటారు. కన్నడిగులు అన్నా తప్పులేదు, మనమన్నా తప్పులేదు.

తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. బాల్యంలోనే తండ్రి పోయినారు. చిక్కబళ్లాపురంలో చదివి, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. ముగించి, పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో మొదటివాడుగా తేలి, 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సులో అసిస్టెంటు ఇంజనీరుగా చేరినారు. ఆ చదువు సంగతులు బడి పుస్తకాలలో దండిగా ఉన్నవి గనుక ఇక్కడ ఆగము.

ఆయన పేరు చెప్పగానే జనానికి ఆనకట్ట గుర్తుకు వస్తుంది. మా అభిప్రాయంలో ఆనకట్ట ఆయన పనిలో చివరి భాగం. మొదటి భాగం, కష్టమైన భాగం, వాన ఎంత కురిసినది, అందులో భూమి ఎంత త్రాగినది, ఏటిలోకి ఎంత వచ్చినది, ఎంత సేపటిలో వచ్చినది, వచ్చేటప్పుడు వెంట ఎంత మట్టి తెచ్చినది అని కనుక్కొనడం.

మట్టి సంగతితోనే చూడండి. 1890ల మధ్యలో ఆయనను సింధు దేశంలోని సుక్కూరుకు పంపినారు. పట్టణం సింధునది ఒడ్డుననే ఉన్నది. నీరు కావలసినంత ఉన్నది, కాని అది బురదనీరు. వడకట్టే కట్టడాలు కట్టించుకొనే డబ్బు మునిసిపాలిటీకి లేదు. విశ్వేశ్వరయ్యగారు నది ఇసుకనే జల్లెడగా వాడుకొన్నారు. ఏటి గర్భంలో, ఒడ్డుకు చేరువగా బావి త్రవ్వించి, ఇసుక పొరలలో ఊరి వచ్చిన తేట నీటిని తోడించినారు. మన వాళ్లు ఎండిన పాలారులో చెలమ త్రవ్వి నీళ్లు తెచ్చుకొనేదీ ఈ సూత్రం మీదనే. మన అవ్వలకు తెలిసినదే గదా అనవచ్చు. నిజమే, కాని అవ్వ చెలమ ఒక ఇంటికి చాలును. ఒక పట్టణానికి ఎంత లోతు, ఎంత వెడల్పు, గంటకు ఎంత ఊట అని తేల్చడం వేరు విద్య.

ఆ తరువాత పూనా దగ్గర ఖడక్‌వాస్లా. ఈ సంగతి అర్థం కావాలంటే మన చెరువు మరవను తలచుకోవాలి. కోస్తావారు దీనినే అలుగు అంటారు, ఇక్కడి కన్నడిగులు కోడి అంటారు. చెరువు నిండి, మిగులు నీరు మరవ మీదుగా పొర్లి పోతుంది. పోతున్న నీటిని చూచి రైతుకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుచేత మరవ రాళ్ల మధ్య మట్టీ ఆకూ అలమూ వేసి, ఒక మూరెడు నీరు అదనంగా నిలుపుకొంటాడు. ఆ రాత్రే పెద్ద వాన పడితే? మట్టి అడ్డు తీసేవాడు నిద్రలో ఉంటే నీరు కట్ట మీదికి ఎక్కుతుంది, కట్ట తెగుతుంది. చెరువులు తెగిన కథలలో ఇటువంటివి ఎన్నో ఉన్నవి. ఖడక్‌వాస్లాలోనూ ఇదే చిక్కు. పూనాకు నీరు చాలదు, ఆనకట్ట ఎత్తు పెంచడమంటే పెద్ద ఖర్చు. విశ్వేశ్వరయ్యగారు మరవ మీద తమంతట తామే తెరుచుకొనే ఇనుప తలుపులు పెట్టించినారు. నీరు పాత మట్టానికి పైన ఎనిమిది అడుగుల వరకు నిలుస్తుంది. అంతకు మించి ఎక్కితే ఆ నీటి బలంతోనే తలుపులు లేచి వరదను వదిలివేస్తవి. వరద తగ్గగానే మళ్లీ మూసుకొంటవి. కాపలావాడు మేలుకొని ఉన్నా నిద్రపోయినా ఒకటే. 1903 నాటికి ఇవి పనిచేసినవి. దానికి పేటెంటు తీసుకొన్నారు గాని, తాను ఉద్యోగం చేస్తున్న సర్కారు నుంచి రాయల్టీ పుచ్చుకొనడం ధర్మం కాదని వద్దన్నారు. ఈ రోజులలో ఈ మాట ఎవరికైనా చెబితే ఒకసారి మన ముఖం వంక చూస్తారు.

అదే 1903వ సంవత్సరం నవంబరులో మన పాలారు ఏమి చేసినదో కూడా చెప్పాలి. మైసూరు సీమలో ఎగువ చెరువులు తెగి, ఆ నీరంతా ఒక్కసారి పాలారులో పడి, వాణియంబాడి పట్టణాన్ని ముంచినది. రాత్రికి రాత్రి ఎందరో పోయినారు. వర్షం తక్కువ అని మనం ఏడ్చే ఈ సీమ నుంచే పోయిన నీరు అది. కరవు సీమకు వరద రాదనుకొనడం పొరపాటు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మరవ నీరు కింది చెరువుకు అన్నం పెడుతుంది. పై చెరువు తెగితే కింది చెరువు మీద అదే నీరు పిడుగై పడుతుంది.

ఐదేళ్లకు ఈ గొలుసు కథే వందరెట్లు పెద్దదై హైదరాబాదులో జరిగినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చుకొనిపోయినది. పదిహేను వేలమంది చనిపోయినారని ఎక్కువగా చెప్పే లెక్క. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బ్రతికినారు. విశ్వేశ్వరయ్యగారు అప్పటికి బొంబాయి కొలువు వదలి ఐరోపాలో తిరుగుతున్నారు. నిజాం ప్రభుత్వం కోరిక మీద 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరి, ఆ అక్టోబరుకు నివేదిక ఇచ్చినారు.

ఆరు నెలలలో ఆయన ఏమి చేసినారు? గోడలు ఎంత ఎత్తు కట్టాలని ముందుగా అడుగలేదు. వర్షమాపకాల లెక్కలు తెప్పించినారు. నిజాం రాజ్యంలోవి, పొరుగు సీమలవి, దేశంలో ఇతర చోట్ల కురిసిన భారీ వానలవి అన్నీ ప్రక్కప్రక్కన పెట్టి చూచినారు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు కురిసినదని తేలినది. నగరానికి ఎగువన మూసీ, దాని ఉపనది ఈసీ కలిసి నీరు పోగుచేసే నేల సుమారు 860 చదరపు మైళ్లు. ఆ నేలలో 788 చెరువులు. అనగా ఇంచుమించు మైలుకొక చెరువు. వాటిలో 221 తెగినవి. నగరం దగ్గర ఏటిలో వచ్చిన వరద సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని ఆయన అంచనా.

మేము రైల్వే గుమాస్తాలము. ఇంజనీరు విద్య మాకు రాదు, గాని కూడిక, హెచ్చవేత వచ్చును. ఒక చదరపు మైలు నేల మీద ఒక్క అంగుళం వాననీరు నిలిస్తే 23 లక్షల 23 వేల 200 ఘనపుటడుగులు అవుతుంది. దానిని 860తో హెచ్చవేస్తే దాదాపు 200 కోట్ల ఘనపుటడుగులు, అనగా రెండు టి.ఎం.సి.లు. మూసీ ఎగువనంతటా ఒక్క అంగుళం వాన ఇంకకుండా పారినచో రెండు టి.ఎం.సి.లు నగరం మీదికి వస్తుందన్నమాట. ఇప్పుడున్న ఉస్మాన్‌సాగర్ పట్టేది 3.9 టి.ఎం.సి.లు, హిమాయత్‌సాగర్ పట్టేది మూడింటికి కొంచెం తక్కువ. రెండూ కలిస్తే ఏడు లోపే. పూర్తిగా ఖాళీగా ఉన్నా మూడున్నర అంగుళాలకు నిండుతవి! పన్నెండు అంగుళాలు కురిసిన దినాన మిగతాది ఎక్కడికి పోవాలి? అంగుళం వాన అంటే మనకు గొడుగు తడిసే సంగతిగా తోచును. కాగితం మీద హెచ్చవేసి చూచినప్పుడు గుండె జల్లుమంటుంది. విశ్వేశ్వరయ్యగారు ఊరికి ఎగువన రెండు నదుల మీదా జలాశయాలు కట్టాలని చెప్పడంలోని కిటుకు ఇదే. వరద వచ్చే గంటలలో పైన కొంత పట్టి నిలిపి, ఊరు భరించగలిగినంత మాత్రమే మెల్లగా వదలాలి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి.

ఇందులో ఒక తగవు కూడా దాగి ఉన్నది. వరద కొరకైతే జలాశయాన్ని ఖాళీగా ఉంచాలి. త్రాగునీటి కొరకైతే నిండుగా ఉంచాలి. రెంటినీ ఒక్క కడవలో పెట్టుకొన్నవారికి ప్రతి వానకాలం ఈ మీమాంస తప్పదు. 2000 ఆగస్టులో హైదరాబాదు మునిగినది, 2020 అక్టోబరులో మళ్లీ మునిగినది. ఈ రెండు జలాశయాలకు నీరిచ్చే పల్లెలలో విచ్చలవిడి కట్టడాలు రాకుండా 1996లో 111 నంబరు జి.ఓ. వచ్చినది. 2022లో దానిని సడలిస్తూ మరొక జి.ఓ. వచ్చినది. ఎవరి పక్షమూ వహించే ఉద్దేశం మాకు లేదు. కాని పైన చెప్పిన హెచ్చవేతలో ఒక అంకె మారుతుందని మాత్రం చెప్పగలము. మట్టి నేల వానలో కొంత త్రాగుతుంది, సిమెంటు నేల త్రాగదు. అదే వాన, అదే మైలు, పారే నీరు ఎక్కువ.

హైదరాబాదు నివేదిక ఇచ్చిన వెంటనే, 1909 నవంబరులో, ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరు అయినారు. ఇక్కడ మన గనుల కథ కలుస్తుంది. 1902లో శివసముద్రం నుంచి 92 మైళ్ల తీగె మీద కరెంటు కోలారు గనులకు వచ్చినది. బెంగళూరు వీధులకు కరెంటు వచ్చినది 1905లో. ఇంతవరకు మనందరికీ గర్వంగా చెప్పుకొనే సంగతే. చెప్పుకోనిది ఏమనగా, వేసవిలో కావేరి సన్నగిల్లి పోయేది. నీరు లేకపోతే యంత్రం తిరుగదు, యంత్రం తిరుగకపోతే గని అడుగున పంపులూ లిఫ్టులూ తిరుగవు. గనుల కంపెనీలు ఇంకా ఎక్కువ కరెంటు అడుగుతున్నవి. వానకాలపు నీటిని పట్టి వేసవిలో వదలడమే మార్గం. కన్నంబాడి దగ్గర కృష్ణరాజసాగరం ఎందుకు కట్టినారని అడిగితే మండ్య చెరకు కొరకని చెబుతారు. అది సత్యమే. కాని అంత ఖర్చు పెట్టడానికి దర్బారుకు ధైర్యం ఇచ్చినవాటిలో కోలారు గనులు కొనే కరెంటు ఒకటి.

1911లో పని మొదలైనది. మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం చెప్పినది. మా డెల్టాకు నీరు తగ్గునని వారి భయం. మొదట 80 అడుగుల ఎత్తుకే అనుమతి దొరికినది. విశ్వేశ్వరయ్యగారు పునాది మాత్రం 124 అడుగుల నీటికి తగినట్లే వేయించినారు. దీనిని దూరదృష్టి అన్నవారు ఉన్నారు, మొండితనం అన్నవారూ ఉన్నారు. తగవు పంచాయితీలు దాటి 1924 ఒప్పందంతో ఒక కొలిక్కి వచ్చినది, కొలిక్కి వచ్చినదనుకొన్నది మళ్లీ నేటి తరం దాకా నడిచినది. ఆయన 1912లో దివాను అయి, 1918లో దిగిపోయినారు. జలాశయం పూర్తి అయ్యేసరికి 1930లు వచ్చినవి. 49 టి.ఎం.సి.లు పట్టే ఆ కట్టను సిమెంటు లేకుండా సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీ గచ్చుతో కట్టినారు. ఖడక్‌వాస్లా తలుపుల సూత్రమే ఇక్కడా వాడినారు. రాత్రివేళ గనిలో బల్బు వెలిగినప్పుడు ఆ వెలుగు వెనుక కూర్గు కొండల మీద కురిసిన వాన ఉన్నదని మన తాతలలో ఎందరికి తెలుసునో!

ఇక పూడిక. జలాశయం కట్టిన దినం నుంచే నిండడం మొదలవుతుంది, నీటితో కాదు, మట్టితో. మన సీమవారికి బాగా తెలిసిన తుంగభద్ర సంగతే చూడండి. 1953లో నీరు నిలిపినప్పుడు 133 టి.ఎం.సి.లు పట్టేది. 2016 కొలతలో 105 చిల్లర అని తేలినది. పోయిన 27 టి.ఎం.సి.లు అంటే మనం లెక్కవేసిన హైదరాబాదు జలాశయాల జత వంటివి దాదాపు నాలుగు జతలు. గేటు విరిగితే పత్రికలలో వస్తుంది, ఒండ్రు పేరుకొంటే రాదు.

మన చెరువులకు ఇది తెలియని జబ్బు కాదు. పూర్వం ప్రతి ఊరికీ నీరుగంటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎన్ని గడియలు అని పంచడం అతని పని. వేసవిలో చెరువు ఎండగానే రైతులు బండ్లు కట్టి ఒండ్రుమట్టి తోలుకొని పొలాలకు వేసేవారు. పొలానికి ఎరువు, చెరువుకు లోతు, రెండూ ఒక్క ఖర్చుతో జరిగేవి. బేతమంగళానికి విజయాదిత్యమంగళమనే పాత పేరు ఉన్నది. ఆ చెరువును బాగుచేయించిన సంగతి శాసనాలకు ఎక్కినదంటే ఆనాటివారు ఈ పనిని గుడి కట్టించినంత పుణ్యంగా ఎంచినారన్నమాట. గనులకు త్రాగునీరు ఆ చెరువు నుంచే తెచ్చినారు. గొట్టపు బావులు వచ్చిన తరువాత నీరుగంటితో పని తీరినది, బండ్లూ ఆగినవి. వేయి అడుగులు, పదిహేను వందల అడుగులు బోరు వేసి దుమ్ము చూచిన రైతులు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు.

విశ్వేశ్వరయ్యగారు ముసలితనంలోనూ నదులను వదలలేదు. 1937 ప్రాంతాన, డెబ్బది అయిదు దాటిన వయస్సులో, గాంధీగారి కోరిక మీద ఒరిస్సా వరదలను పరిశీలించి, మహానది ఎగువన జలాశయాలు కావాలని చెప్పినారు. హీరాకుడ్ ఆ ఆలోచన దారిలో వచ్చినదే. 1952లో, తొంబది దాటిన వయస్సులో, గంగ మీద రైలు వంతెన ఎక్కడ వేయాలో తేల్చడానికి బీహారు పోయినారు. గంగ మట్టిని మోసుకొని వచ్చి ఒకచోట మేట వేస్తుంది, మరొకచోట ఒడ్డు కోస్తుంది. ఈ ఏడు వంతెన కింద పారిన నది పదేళ్లకు వంతెన పక్కనుంచి పోవచ్చును. ఎన్నో తావులు చూచి మొకామా అని చెప్పినారు. 1959లో అక్కడ రాజేంద్ర సేతువు తెరిచినారు. రైల్వేవారము గనుక ఈ సంగతి మాకు ప్రత్యేకం. మా వంతెనల స్తంభాల మీద అత్యధిక వరద మట్టమని గీత గీసి, ఏడాది వ్రాసి ఉంటుంది. ప్రయాణికులు దానిని చూడరు. వానకాలపు రాత్రి గ్యాంగ్‌మన్ లాంతరు పట్టుకొని చూచేది ఆ గీతనే.

1961 జూలై 12న పూనా ఎగువన, పూర్తిగాని పాన్‌షేట్ మట్టికట్ట తెగినది. ఆ నీరు ఖడక్‌వాస్లా మీద పడి దానిని కూడా తెంచుకొని పూనాను ముంచినది. యాభై ఎనిమిదేళ్ల క్రిందట తలుపులు పెట్టించిన మనిషి బెంగళూరులో అప్పటికి బ్రతికే ఉన్నారు. పై కట్ట తెగితే కింది కట్ట నిలువదని వాణియంబాడి, హైదరాబాదు చెప్పిన సంగతే అది. 1962 ఏప్రిల్ 14న ఆయన కన్నుమూసినారు. ముద్దేనహళ్లిలో సమాధి, ప్రదర్శనశాల ఉన్నవి. బంగారుపేట నుంచి కోలారు, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా చిక్కబళ్లాపురం పోయే లైనులో, ఒకప్పుడు చిన్న బండి కూతలు పెట్టుకొంటూ పోయిన దారిలో, ఇప్పుడు పెద్ద బండి ఎక్కి పోయి చూచి రావచ్చును.

ఇప్పటి మన జిల్లా సంగతి. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని కొంత శుద్ధిచేసి గొట్టాలలో కోలారు చెరువులకు తెస్తున్నారు. మొదట లక్ష్మీసాగరం చెరువులో పడినది. బోర్లలో నీరు పెరిగినదని సంతోషించేవారున్నారు, ఇంకొక్క మెట్టు శుద్ధి చేయకుండా ఎందుకు తెచ్చినారని అడిగేవారున్నారు. ఇద్దరి మాటా వినదగినదే. నీటి కొలతతో పాటు నీటిలో ఏమున్నదో కొలిచిన అంకెలు కూడా ప్రతి చెరువు కట్ట మీదా బోర్డు కట్టి వ్రాయాలని మేము కోరుతున్నాము.

2021 నవంబరులో తడవ లేని వానలు పట్టి చెరువులు మరవలు పారినవి. బేతమంగళం నిండినది, పాలారు పారినది, దిగువన వేలూరు సీమలో 1903 తరువాత ఇంత వరద చూడలేదని అన్నారు. మన గనుల ఊళ్లలోనూ ఆ వాన పడినది. బంగారం తీసిన తరువాత మిగిలిన పొడి, సయనైడు దిబ్బలని మనం పిలిచే ఆ బూడిదరంగు గుట్టలు, మూడు కోట్ల టన్నులకు పైగా ఊరి చుట్టూ ఉన్నవి. ఎండకాలం గాలికి ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. వానకాలం గుట్టల ఒంటి మీద గాళ్లు పడి, తెల్లటి బురద వంకలలోకి దిగుతుంది. వంక దిగువన చెరువు ఉన్నది, చెరువు దిగువన మడి ఉన్నది. ఏ వానకు ఎంత పొడి దిగినది, ఎంత దూరం పోయినది, ఏ చెరువు అడుగున ఎన్ని అంగుళాలు పేరుకొన్నది అన్న లెక్క గుట్టగుట్టకూ, చెరువుచెరువుకూ కావాలి. ఒక వర్షమాపకం, నీటి మట్టం గీసిన ఒక కర్ర, సీసాలో పట్టిన బురదనీరు తేరుకొన్న తరువాత అడుగున నిలిచిన మట్టిని తూచే ఒక త్రాసు, మొదలుపెట్టడానికి ఇవి చాలును. మన హైస్కూలు పిల్లలు ఈ వచ్చే వానకాలమే మొదలుపెట్టవచ్చును. మొదటి రిజిస్టరుకు గళ్లు గీసి ఇచ్చే పని మేము చేస్తాము.